ఎలుకకు భూలంగరు

పొయ్యి మీద గంజి ఉడుకుతూ ఉండగా నూకరత్నం వెదురు మేకులు చెక్కుతోంది. బద్దని మోకాలికి ఆనించి, కత్తిని అవతలికి నడిపి, మొన తేలాక ఒకసారి గడప రాయికి కొట్టి వింటుంది. టంగుమంటే మంచి మేకు. బొద్దుమంటే పొయ్యిలోకి. ఆ పొద్దుట పది మంచివి అయ్యేసరికి మూడు పొయ్యిలోకి పోయాయి, గంజి కూడా పొంగింది.

తూముపాడులో ఎలుకలు పట్టడానికి వాడే బుట్ట మోచేతి పొడుగు ఉంటుంది. లోపల నాలుగు గింజలు, పైన విల్లులా వంచిన బద్ద, దానికో సన్నతాడు. ఎలుక తల దూర్చి గింజ ముట్టుకుంటే విల్లు లేస్తుంది, తాడు బిగుస్తుంది. ఆ తర్వాత ఎలుక ఊరుకోదు, లాగుతుంది. బుట్టని పట్టి ఉంచే మేకు ఊడితే బుట్టతో సహా బొరియలోకి పోతుంది. అందుకని మేకు చెక్కడం నూకరత్నం పని, దాన్ని దింపడం ఆమె మొగుడు ముత్యాలు పని.

మేకు దింపడంలో ముత్యాలు సుత్తి ముట్టుకోడు. సుత్తి దెబ్బకి గట్టు అదురుతుందనీ, గట్టు అదిరితే లోపలున్న ఎలుక ఆ రోజుకి దారి మార్చేస్తుందనీ అంటాడు. అరచేతి మడమతో నొక్కుతాడు, అంతే. గట్టు మీదయితే జానెడు మేకు, చేలో బురదలోనయితే మూరెడు. దొరికిన ఎలుక బొరియ వైపే లాగుతుంది కాబట్టి మేకు తల బొరియకి అవతలివైపు వాలేట్టు ఏటవాలుగా దింపుతాడు. ఎంత లాగితే అంత బిగుస్తుంది. పచ్చి వెదురు వాసనకి ఎలుక దగ్గరికి రాదని, చెక్కిన మేకుల్ని నూకరత్నం ఇంటి వెనక బురదగుంటలో వారం రోజులు నానేస్తుంది. ఇదే వాళ్ల చదువు, దీనికి పుస్తకం లేదు.

ఇరవై ఏళ్లుగా ఊళ్లోవాళ్ల చేలల్లో ఎలుకలు పట్టిన ముత్యాలు, ఈ ఏడే మొదటిసారి బుల్లబ్బాయి గారి దగ్గర ఎకరం కౌలుకి తీసుకున్నాడు. ఆ ఎకరంలో ప్రతి దుబ్బూ నూకరత్నం తన చేత్తో నాటింది. చేను ఇంకో పది రోజుల్లో పొట్టకొస్తుంది. వరి పొట్టకొచ్చి పాలు పోసుకునేటప్పుడే ఎలుక కోతకి దిగుతుంది. ఆ రెండు వారాలు కాపలా కాస్తే పంట ఇంటికొస్తుంది. లేకపోతే గడ్డి కూడా రాదు.

"ఈసారి బుట్టలు మన చేలో ఎడతాం మావా. మొదటి బుట్ట తూరుపు గట్టు మీద," అంది నూకరత్నం, గంజి దింపుతూ.

"మన చేను," అన్నాడు ముత్యాలు, ఆ మాట నోట్లో ఎలా ఉంటుందో చూసుకుంటున్నట్టు.

సరిగ్గా ఆ రోజే ఊళ్లోకి జీపు వచ్చింది.

జీపు వెనక ఒక కథ ఉంది. కిందటేడు టౌనులో జరిగిన వ్యవసాయ ప్రదర్శనలో ఒక పందికొక్కు, బుట్టతో సహా వేదిక ఎక్కి, ముఖ్య అతిథి గారి కుర్చీ కింద దూరింది. ఆ బుట్టని ఆఫీసువాళ్లు ఏ మేకుకీ కట్టలేదు, పూలకుండీకి రబ్బరు బ్యాండుతో తగిలించారు. విచారణ సంఘం మూడు నెలలు కూర్చుంది. పూలకుండీ గురించి ఎవరూ అడగలేదు. సంఘం చివరికి తేల్చింది ఏమిటంటే, ప్రాంతమంతటా మేకులు బలహీనంగా ఉన్నాయి. ఎక్కడో మంచుదేశంలో ఎలుగుబంట్ల ఉచ్చుల కోసం రాసిన పుస్తకం ఒకటి దొరికింది. అందులోని కొలతలు యథాతథంగా దించుకుని, కొత్తగా ఒక విభాగం పెట్టారు. దాని ప్రత్యేకాధికారి చక్రధరం గారు.

పంచాయతీ ఆఫీసు ముందు చక్రధరం గారు ఒక ఇనప ఊచని రెండు చేతులా ఎత్తి చూపించారు. రెండడుగుల పొడవు, రెండు కిలోల బరువు, పైన ఉంగరం.

"రైతు సోదరులారా! దీన్ని మేకు అనరాదు. ఇది ప్రామాణిక భూలంగరు. నేటి నుంచి ప్రతి బుట్టా ధ్రువీకృత భూలంగరుకే అనుసంధానం కావాలి. ధ్రువీకరణ లేని మేకు మీద బుట్ట అమర్చినచో బుట్ట స్వాధీనం, సదరు వ్యక్తి పేరు నమోదు. భూలంగరు భూమికి తొంభై డిగ్రీల కోణంలో, నిట్టనిలువుగా ఉండాలి. డెబ్భై కిలోల లాగుడుకు తట్టుకోవాలి."

ముత్యాలు చెయ్యెత్తాడు. "అయ్యగారండీ, మా ఎలక పావు కేజీ ఉంటాదండి. బాగా తిన్నదయితే ఇంకో గుప్పెడు."

జనం నవ్వారు. చక్రధరం గారు నవ్వలేదు.

"అది ఈనాటి ఎలుక. విధానాలు ఈనాటి ఎలుక కోసం చెయ్యం. రాబోయే పాతికేళ్ల ఎలుకను దృష్టిలో ఉంచుకుని చేస్తాం."

"డెబ్బై కేజీల ఎలకొస్తే మేకెందుకండీ, దండం ఎట్టి దారిస్తాం," అన్నారు బుల్లబ్బాయి గారు వెనకనుంచి.

చక్రధరం గారు ఆ మాట విననట్టు, ముత్యాలు వైపు వేలు చూపించి, "నువ్వు మేకులు దింపుతావా?" అన్నారు. ముత్యాలు వెదురు మేకు ఒకటి తీసి, ఆఫీసు పక్కనున్న కాలవ గట్టు మీద మోకరించి, అరచేత్తో ఒక్క నొక్కు నొక్కాడు. గుమస్తా జోగారావు రెండు చేతులా పట్టి లాగాడు, రాలేదు. పళ్లు బిగించి లాగాడు, అయినా రాలేదు.

"అద్భుతం. పద్ధతి పూర్తిగా తప్పు. కానీ చెయ్యి మంచిది," అన్నారు చక్రధరం గారు. అక్కడికక్కడే ముత్యాల్ని మండల భూలంగరు మార్గదర్శిగా నియమించారు. ఫోటో తీసి, ఆ బొమ్మ ఉన్న గుర్తింపు కార్డు మెడలో వేశారు. జోగారావు రాసుకుంటూ అడిగాడు, "పేరు చెప్పండి, ముత్యాలు గారూ."

ఆ 'గారు' విని ముత్యాలు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినైనా పిలిచారేమోనని. ఇరవై ఏళ్లుగా ఊరు అతన్ని ఎలకల ముత్యాలు అనే పిలిచింది. పెళ్లి భోజనాల్లో అతని పక్కన కూర్చోవాలంటే జనం కొంచెం ఎడంగా జరిగేవారు. నూకరత్నం గుంపు వెనక నిలబడి మొగుడి మొహం చూసింది.

మర్నాటి నుంచి మార్గదర్శి గారు ఇంట్లో కూడా మార్గదర్శి గారే.

"తాగునీటి విషయమై తగు చర్య తీసుకో," అన్నాడు, మెట్టు మీద కూర్చుని.

"ఏటి మావా?"

"మంచినీళ్లే."

చెంబు తెచ్చి ఇచ్చింది. అన్నం దగ్గర కూర రుచి చూసి, "ఉప్పు క్షేత్రస్థాయికి చేరలేదు," అన్నాడు.

"ఉప్పు డబ్బా నీ ఎనకాలే ఉంది. క్షేత్రానికి నువ్వే సేర్చుకో," అంది నూకరత్నం.

మొదటి పని ధ్రువీకరణ. ప్రతి లంగరునీ ఒక మనిషి డెబ్భై కిలోల బలంతో లాగి చూడాలి. చేలల్లో బురద ఉండడం వల్ల, అధికారుల బూట్లు బురదకి అలవాటు పడకపోవడం వల్ల, పరీక్ష ఆఫీసు ముందున్న సిమెంటు గచ్చులో పెట్టారు. గచ్చుకి మిషనుతో కన్నాలు వేసి లంగర్లు బిగించారు. లాగవలసిన జోగారావు యాభై ఒక్క కిలోలే ఉన్నాడు. మిగతా పంతొమ్మిది కిలోల బియ్యం సంచీ కట్టి అతని వీపుకి వేలాడదీశారు.

"సార్, ఇది నాకు పడేట్టు లేదండి," అన్నాడు జోగారావు.

"నువ్వు పడవచ్చు. లంగరు పడరాదు," అన్నారు చక్రధరం గారు.

జోగారావు లాగాడు. తాడు జారింది, వెల్లకిలా పడ్డాడు, బియ్యం సంచీ పిగిలింది. లంగరు కదల్లేదు. చక్రధరం గారు చప్పట్లు కొట్టారు. ఆ సాయంత్రం దాకా జోగారావు ముప్పై ఎనిమిది సార్లు పడ్డాడు, ముప్పై ఎనిమిది లంగర్లు పాసయ్యాయి. నలభైలో మిగతా రెండూ అతని నడుము బాగుపడే వరకు వాయిదా వేశారు. గచ్చు మీద చల్లిన బియ్యం ఎలుకలు తిన్నాయి.

పాసయిన లంగర్లని గచ్చులోంచి తవ్వి తీసి చేలకి తెచ్చారు. ఆదర్శ క్షేత్రంగా మార్గదర్శి గారి చేనే ఉండాలని చక్రధరం గారు ఉత్తర్వు ఇచ్చారు. మేస్త్రి తూకంగుండు పట్టుకుని నిలువు చూస్తూ ఉంటే, ముత్యాలు ఒకటొకటిగా నిట్టనిలువుగా దింపాడు. మూడు రోజులు లంగర్లు కనిపించాయి. తర్వాత ఉంగరాలు మాత్రం కనిపించాయి. అయిదో రోజుకి ఏమీ కనిపించలేదు. డెల్టా బురదలో రెండు కిలోల ఇనుము నిలువుగా పెడితే ఎటు పోతుందో తూముపాడులో గేదెలకి కూడా తెలుసు.

చక్రధరం గారు చలించలేదు. జోగారావు చేత 'భూగర్భస్థ లంగరుల నమోదు పుస్తకం' అని ఒకటి తెరిపించారు. "పోలేదు. లోతుగా స్థిరపడ్డాయి," అన్నారు. అయినా ముందుజాగ్రత్త కోసం కొత్త లంగర్లకి సిమెంటు దిమ్మెలు పోయించాలన్నారు. ఎకరానికి నలభై దిమ్మెలు. దిమ్మెకి చోటు కావాలి కాబట్టి దిమ్మెకి నాలుగేసి దుబ్బులు పీకారు.

నూకరత్నం ఆ దుబ్బుల్ని ఏరి గట్టు మీద వరసగా పెట్టింది. "మావా, ఇయి నేను నాటినయి."

"పథకం అన్నాక కొంత త్యాగం..." అని మొదలుపెట్టి, ఆమె మొహం చూసి ముత్యాలు మిగతాది మింగాడు.

చేలో నీళ్లుంటే ఎలుక గట్టు వదిలి లోపలికి ఎక్కువ దూరం రాదు. కూర్చుని తినడానికి పొడి చోటు ఉండదు మరి. ఇప్పుడు చేను నిండా జానెడు ఎత్తున నలభై పొడి దిమ్మెలు, చుట్టూ పాలు పోసుకుంటున్న వరి. మొదటి రెండు రోజులు ఎలుకలకి కూడా నమ్మకం కుదిరినట్టు లేదు. మూడోనాడు కుటుంబాలతో వచ్చాయి.

"ఏరా ముత్యాలూ," అన్నారు బుల్లబ్బాయి గారు గట్టు మీద నిలబడి, కార్డు చూసి సర్దుకుని, "ముత్యాలు గారూ! ఎలకలకి అరుగులు కట్టించారా? పందిరి కూడా ఏయించండి, మధ్యానం ఎండగా ఉంటాది."

ముత్యాలు నవ్వబోయి మానేశాడు. కార్డు తిరగబడి ఉంటే సరిచేసుకున్నాడు.

దిమ్మెల మీది లంగర్లకి బుట్టలు కట్టిన మొదటి పొద్దుటే మూడు ఎలుకలు పడ్డాయి. నూకరత్నానికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ మూడూ గింజుకున్న గింజులాటకి, ఇంకా సరిగ్గా ఆరని సిమెంటులో మూడు లంగర్లు నూలుపోగంత కదిలాయి. జోగారావు భూతద్దం పెట్టి చూసి కొలత రాసుకున్నాడు. రెండో రోజున ఉత్తర్వు వచ్చింది. పంచాయతీ ఆఫీసు దగ్గర ముత్యాలే దాన్ని పైకి చదివాడు.

"భూలంగరుల దీర్ఘాయువును దృష్టిలో ఉంచుకుని, వాటిపై అనవసర భారం నివారించు నిమిత్తం, బుట్టలను తక్షణమే వేరుచేసి పంచాయతీ గదిలో భద్రపరచవలెను."

చదివి, మళ్లీ మొదటి నుంచి లోలోపల చదివాడు. తర్వాత చేలోకి వెళ్లి బుట్టలు విప్పాడు.

చక్రధరం గారు తనిఖీకి వచ్చిన రోజు నూకరత్నం గట్టు దాకా వెళ్లింది. ఆమె ఎప్పుడూ ఆఫీసర్లతో మాట్లాడలేదు. కొంగు భుజం చుట్టూ తిప్పుకుని, నాలుగు అడుగుల దూరంలో ఆగింది.

"అయ్యగారండీ. ఎలకలండి. పడమర ఏపు కోసేత్తన్నాయండి."

"మీ బాధ అర్థమైందమ్మా. అయితే ఎలుక మా పరిధిలోకి రాదు."

"మరి మీరు ఎలకల ఆఫీసరు కాదాండి?"

"లంగరు వరకే మేము. బుట్ట మరో విభాగం. ఎలుక విషయంలో ఇంకా విభాగం ఏర్పడలేదు." ఆయన దిమ్మెల వైపు తృప్తిగా చూశారు. ఒక దిమ్మె మీద ఎలుక ముందుకాళ్లతో మీసాలు తుడుచుకుంటోంది. "చూడమ్మా, అది ఎంత నమ్మకంగా కూర్చుందో. నిర్మాణం గట్టిది కాకపోతే కూర్చుంటుందా?"

ఆ సాయంత్రం నూకరత్నం అటక మీదున్న పాతబుట్టలు దింపింది. ఏ రిజిస్టరుకీ ఎక్కనివి, నోరు చినిగిపోయి పక్కన పడేసినవి, పాతిక. వాటికి కొత్త బద్దలు అల్లడం మొదలుపెట్టింది. ముత్యాలు నివేదిక రాసుకుంటూ ఓరగా చూశాడు.

"అవెందుకు?"

"సేతులు ఊరుకోవట్లేదు."

"ధ్రువీకరణ లేకుండా పెడితే పేరు నమోదు చేస్తారే. మార్గదర్శి పెళ్లామే నిబంధన మీరితే రేపు ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

"పడమర సగం పోయింది మావా. తూరుపు సగం ఉంది. నాలుగు రోజులు ఆగితే అదీ ఉండదు."

"నష్టం నివేదికలో రాశాను. పైకి పంపుతారు."

"నివేదిక ఎలక సదువుద్దా?"

ముత్యాలు కలం మూతపెట్టి, మళ్లీ తీసి, మళ్లీ మూతపెట్టాడు. మేకు సరిగ్గా దింపడం నూకరత్నానికి చేతకాదు. నొక్కడం ఎంతైనా నొక్కగలదు, కానీ ఆ వాలు అతని చేతికే తెలుసు. ముందు రోజు చాటుగా తను పెట్టిన రెండు పాతబుట్టలు మేకులతో సహా ఊడిపోయాయి. అది కూడా అతనికి చెప్పలేదు. బురదగుంటలో నానేసిన మేకులు తీసి, తుడిచి, వెదురు తాడుతో కట్టకట్టి, తలుపు పక్కన చూరుకి వేలాడదీసింది.

పథకం ముగింపు సభ ముత్యాలు ఇంట్లోనే పెట్టారు. ఆదర్శ మార్గదర్శి ఇల్లు కూడా పైకి పంపే వీడియోలో కనిపించాలని చక్రధరం గారి కోరిక. మధ్యాహ్నం మూడింటికే వచ్చారు. ఇంట్లో ఉన్న ఒక్క నులకమంచం మీద దుప్పటి వేసి ఆయన్ని కూర్చోబెట్టారు. గోడకి ఒక నమూనా లంగరు కొట్టి, దానికి బంతిపూల దండ వేశారు. జోగారావు నడుముకి పట్టీ వేసుకుని, ఫోను పట్టుకుని గుమ్మానికి ఎదురుగా నిలబడ్డాడు. బుల్లబ్బాయి గారు గుమ్మం బయట నిలబడ్డారు, పిలవకపోయినా.

చక్రధరం గారు ప్రశంసాపత్రం చదివారు. "సదరు ఆదర్శ క్షేత్రమునందు గత పన్నెండు దినములుగా ఒక్క భూలంగరు కూడా ఊడలేదు. ఒక్క బుట్ట కూడా అపహరణకు గురికాలేదు. కావున ఈ మండలమును నూరు శాతం ఊడని మండలముగా ప్రకటించుటకు సంతోషిస్తున్నాము."

"బుట్టలు గదిలో ఉన్నాయి కదండీ, ఎలా పోతాయి?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"అందుకే పోలేదు," అన్నారు చక్రధరం గారు. శాలువా విప్పి ముత్యాలు భుజాల మీద కప్పారు. ముత్యాలు తలవంచి కప్పించుకున్నాడు. అతని కళ్లలో తడి చేరింది. జీవితంలో ఎవరూ అతనికి బట్ట కప్పలేదు.

అప్పుడే నూకరత్నం చేలోంచి వచ్చింది. రెండు చేతుల నిండా వరి పట్టుకుని, మోకాళ్ల దాకా బురదతో. ఆ మోపుని మొగుడి కాళ్ల దగ్గర పెట్టి, పక్కకి తప్పుకుంది.

"ఏమ్మా, పశువుల గడ్డి కాస్త అటు పెట్టు. వీడియోలో పడుతుంది," అన్నారు చక్రధరం గారు.

ముత్యాలు వంగి లేతకంకి ఉన్న కర్ర ఒకటి తీశాడు. కింద తెగిన చోట చూశాడు. ఎలుక కోత నున్నగా, ఏటవాలుగా ఉంటుంది, కత్తితో చెక్కినట్టు. అతను మేకు దింపే వాలు కూడా అదే. బొటనవేలితో గింజలు నొక్కాడు. తెల్లగా పాలు కారి, గోరు మీదుగా అరచేతి మడమ దాకా వచ్చాయి. ఇంకోటి తీశాడు, నొక్కాడు. కర్రలకి అంటిన ఎర్రమట్టి వేలితో గీకి చూశాడు. ఎర్రమట్టి ఉండేది తూర్పు గట్టు దగ్గరే.

"తూరుపు మొత్తం పోయిందా?" అన్నాడు భార్యతో, మెల్లగా.

"గట్టు ఎంబడి రెండు సాళ్లు. రాత్రే దిగాయి. మిగతాది నిలబడే ఉంది," అంది నూకరత్నం. "ఇయాల్టికి."

"సరే, సరే. వెలుగు ఉండగానే కానిద్దాం," అన్నారు చక్రధరం గారు. "జోగారావ్, ఆన్ చెయ్యి. ముత్యాలు గారూ, లంగరు పక్కన నిలబడండి. నిట్టనిలువుగా. ఈ పథకం వల్ల మీరు పొందిన లబ్ధి గురించి రెండు ముక్కలు మాట్లాడండి. సహజంగా మాట్లాడండి, పై అధికారులు చూస్తారు."

జోగారావు ఫోను ఎత్తాడు. ముత్యాలు లంగరు పక్కన నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. ఈ నెలరోజుల్లో నేర్చుకున్న మాటలన్నీ వరసలో నిలబడి ఉన్నట్టు అతని పెదాలు కదిలాయి. అందరూ ఎదురుచూశారు. బయట బుల్లబ్బాయి గారు కూడా నవ్వు ఆపుకుని చెవి ఒగ్గారు.

ముత్యాలు శాలువా తీసి మడతపెట్టి మంచం కోడు మీద పెట్టాడు. మెడలోంచి కార్డు తీశాడు, ఒకసారి బొమ్మ వైపు చూసుకుని, లంగరు ఉంగరానికి తగిలించాడు. ఆ బరువుకే లంగరు మట్టిగోడలోంచి ఊడి, బంతిపూల దండతో సహా కిందపడింది.

"జోగారావ్, ఆపు! ఆపు!" అన్నారు చక్రధరం గారు.

జోగారావు ఆపలేదు. ఆపడం ఏ మీటో అతనికి ఆ కంగారులో దొరకలేదు. పాతబుట్టల్ని తాడుకి గుచ్చి నూకరత్నం అప్పటికే గుమ్మం దగ్గర పెట్టి ఉంది. ముత్యాలు వాటిని భుజానికి వేసుకున్నాడు. చూరుకి వేలాడుతున్న వెదురు మేకుల కట్ట అందుకుని, ఒక మేకు లాగి, గడప రాయికి కొట్టి విన్నాడు. టంగుమంది. బుల్లబ్బాయి గారు పక్కకి జరిగి దారిచ్చారు. ముత్యాలు ఎవరి వైపూ చూడకుండా గడప దాటి తూర్పుకి తిరిగాడు.